అండమానులో తువ్వాలాస్త్రం

జలధిజలపరివేష్టితమై, నారికేళపూగవనశ్యామలమై, నానావిధవిహంగకూజితమనోహరమై విరాజిల్లు అండమాను ద్వీపమున, పందొమ్మిదివందల ఎనభై రెండవ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, విశాఖ ఓడ దిగిన మూడవనాడు, రేవు కళాసీలలో మేటి, మద్దిలపాలెం బస్సులలో పుట్టెడు సీట్లు గెలిచిన మహారథి తవిటయ్య, దీవి చుట్టూ తిప్పి చూపించు బస్సుకై గట్టున నిలిచి భుజములు చరచుకొనుచుండెను.

ఎందుకయ్యా అంత ఆవేశం? చెబుతా వినండి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన ధర్మపత్ని సీతాలు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పాపాన పోలేదు. కిటికీ ఎప్పుడూ ఆయనదే. గాలి తగలకపోతే తల తిరుగునట! ఆ ఇల్లాలు సింహాచలం వెళ్లినా, భీమిలి వెళ్లినా, దారి పొడవునా మొగుడి చెవినే చూచి వచ్చెడిది. మొన్న ఓడలో ఆ మాట చెప్పి కళ్లొత్తుకొనగా, వీరుని గుండె కలుక్కుమనెను. అంతట డెక్కు దద్దరిల్ల ప్రతిన పూనెను:

"ఒలే సీతాలూ! ఆ దీవిలో నీకు కిటికీ సీటు ఇప్పించకపోతే నాను మల్లీ బస్సెక్కను! ఉన్నన్నాల్లూ నడిసే తిరుగుతాను!"

బస్సు వచ్చెను. ఆగీ ఆగకమునుపే వీరుడు స్కంధవిరాజమానమైన ఎర్రగళ్ల తువ్వాలను ముమ్మారు గిరగిర తిప్పి, కుడివైపు మూడవ కిటికీలోనికి విసరెను. పిదప మోచేతులు చాచి, ద్వారమును భేదించి, లోనికి దూకి గర్జించెను: "ఎవుడైనా ఈ సీటు జోలికొత్తే సూసుకుంతాను!"

ఎవరూ రాలేదు. శత్రుసైన్యమంతా కలిపి ఆరుగురు. వారు గట్టున తీరిగ్గా కొబ్బరినీళ్లు తాగుచుండిరి.

తండ్రి విశాఖ వన్ టౌన్ విడిచి ఆ దీవిలో స్థిరపడగా అక్కడే పుట్టి పెరిగిన డ్రైవరు లతీఫ్ వెనుదిరిగి, "కంగారేటి బావా? బస్సంతా కాళీయే గదా!" అనెను.

అవతలివాడు యుద్ధానికి రాకపోతే అది మన తప్పా? తవిటయ్య మీసము దువ్వి, సీతాలును సింహాసనమున కూర్చుండబెట్టి, తాను పక్కన కూలబడెను. బస్సు కదిలెను. మైలు గడిచెను, రెండు గడిచెను.

"ఏటయ్యా, సముద్రమేదీ? నాకు కొండమట్టే కనిపిత్తంది."

"ఒత్తాదిలేయే, ఓపిక పట్టు."

"ఎక్కడొత్తాది బావా?" అనెను లతీఫ్. "సుట్టూ తిరిగి రేవుకొచ్చేదాకా సముద్రం ఎడమేపే. ఇటేపంతా కొండే."

హతవిధీ! వీరుని ముఖము వాడిపోయెను. సీతాలు లేచి, అదే వరుసలో ఎడమవైపు ఖాళీ కిటికీ చేరి కూర్చుండెను. నీటి అంచుదాకా దిగివచ్చిన పచ్చని అడవి, తెల్లని ఇసుక, ఆవల ఆకుపచ్చగా మొదలై నీలమై పోవు నీరు!

"ఓలమ్మో! సముద్రానికిన్ని రంగులుంతాయేటి? మన రేవుకాడ నల్లగుంతాది గదా! ఇటురాయ్యా, సూద్దువుగాని!"

"గెలిసిన సీటు ఒగ్గీసా? నాను రాను!"

అలిగిన వీరుడు తువ్వాలను ఒడిలో పెట్టుకొని, కొండమట్టిని పట్టుదలతో వీక్షింపసాగెను. లోలోపల మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో తరువాతి మజిలీలో, అదే ఓడలో వచ్చిన విశాఖవాసులు పాతికమంది ఒక్కుమ్మడి బస్సుపై విరుచుకుపడిరి. పర్వతకాయుడు రమణమూర్తి సరాసరి సీతాలు పక్క సీటుపైకి వంగెను. అప్పుడు, ఆహా, ఏమి వేగము! సీతాలు చేయి చాచి, మగని ఒడిలోని తువ్వాలను లాగి, ఆ సీటుపై ఫెళ్లున పరచెను.

"సీటు ఆపీసినాం బాబూ! మనిసొత్తన్నాడు!"

విశాఖలో ఆ మాటకు తిరుగులేదు. రమణమూర్తి తలవంచి వెనుకకు తగ్గెను. తవిటయ్య రాజ్యము విడిచి, మోచేతులతో దారి చేసుకొని వచ్చి, భార్య పక్కన ఒదిగి కూర్చుండెను.

వినుడు లోకులారా! కుడి కిటికీ గెలిచి ఓడిన తవిటయ్య, ఆనాడు కిటికీ లేని సీటును జయించెను! రేవు చేరుదాకా పెళ్లాం చెవి పక్కనుండి సముద్రమును చూచెను! తల తిరుగనే లేదు!