చక్కెర లేని కాఫీ

ఆ ఉదయం ఈజిప్టులోని దమన్‌హూరు ఊరికి ముసురు పట్టింది. వగ్దీ మాస్టారి మనసుకు అంతకు ముందు రాత్రే పట్టింది. మూడేళ్లుగా ఆడపిల్లల బడిలో తాత్కాలికంగా ఇంగ్లీషు చెబుతున్నాడు. ఇవాళ ఇన్‌స్పెక్టరు పాఠం చూసి మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే రేపటి నుంచి ఇల్లే. కొత్త మాటల్ని బోర్డు మీద రాసి వల్లె వేయిస్తే ఆ ఇన్‌స్పెక్టరుకు ఒళ్లుమంటని విన్నాడు. అందుకని ముందు రుచి, తరవాతే మాట అనుకున్నాడు. పులుపుకు నిమ్మకాయ, ఉప్పదనానికి ఉప్పు, చేదుకు ఫ్లాస్కు నిండా చక్కెర లేని కాఫీ. తీపి కోసం తీసిపెట్టిన చక్కెర డబ్బా మాత్రం హడావుడిలో ఇంట్లోనే మర్చిపోయాడు. ఉన్న ఒక్క కోటూ నలుపే గనక అదే తొడుక్కున్నాడు.

వరండాలో హెడ్మాస్టరు బసియూనీ ఎదురయ్యాడు. ఊళ్లో ఎవరింట చావు జరిగినా ముందుగా వెళ్లి కుర్చీలు వేయించే మనిషి. ఫ్లాస్కులో ఏమిటని అడిగాడు.

"చక్కెర లేని కాఫీ సార్. అందరికీ తలో గుక్క పోద్దామని."

అక్కడ నలుగురికీ అలాంటి కాఫీ పోసేది చావింటికి పరామర్శకు వచ్చినప్పుడే. పైగా వగ్దీ తల్లి ఇన్షిరాహ్ చలికాలమంతా ఉబ్బసంతో మంచాన ఉందని బడిలో అందరూ ఎరుగుదురు. బసియూనీ అతణ్ని గట్టిగా వాటేసుకుని, ఫ్లాస్కు తనే పుచ్చుకున్నాడు. పరీక్ష రోజు గదా, ధైర్యం చెబుతున్నాడని వగ్దీ మురిసిపోయాడు.

నిమ్మకాయలు కోసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి హాల్లో వరసగా కుర్చీలు, మైకులో ఖురాను పారాయణం, ఏడుస్తున్న ఆడపిల్లలు. టీచర్లు తలవంచుకుని కాఫీ తాగుతున్నారు. పోయిందెవరో అడిగితే బాగుండదని వగ్దీ కూడా మొహం వేలాడేసుకుని ఒక కుర్చీలో కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మగారి మిగిలిన ఆయుష్షు కూడా దేవుడు మీకే పోయాలి మాస్టారూ. ఇంత దుఃఖంలోనూ బడికొచ్చారు. ఇక నేను పాఠం చూడక్కర్లేదు, పోస్టు ఖాయమని రాసేస్తాను."

పోయిందెవరనుకుంటున్నారో వగ్దీకి అప్పుడర్థమైంది. బతికున్న తల్లిని చంపుకుని బాగుపడటమా అని సిగ్గేసింది. అన్నమాట నిజమైపోతుందేమోనని భయమూ వేసింది. కానీ అప్పటికే కలం కదులుతోంది. సంతకం పడ్డాక చెబుదామనుకున్నాడు.

ఈలోగా గుమ్మంలో గొడుగు మడుస్తూ, ఆయాసపడుతూ ఇన్షిరాహ్ నిలబడింది, చంకలో చక్కెర డబ్బాతో. ఆమెను చూసి బసియూనీ ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఎవరీవిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా అమ్మ," అన్నాడు వగ్దీ.

ఇన్‌స్పెక్టరు కలానికి మూత పెట్టి, కాగితం నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని, వానలోనే వెళ్లిపోయాడు.

ఇన్షిరాహ్ కుర్చీలకేసీ కాఫీ కప్పులకేసీ చూసి గొంతు తగ్గించింది. "ఎవరు పోయార్రా నాయనా?"

"నా ఉద్యోగమమ్మా."

ఆమె గొడుగు గోడకి ఆనించింది. కొడుకు పక్కన కూర్చుని, చక్కెర డబ్బా మూత తీయకుండానే ఒక కప్పు అందుకుని తాగింది.