నడుము దగ్గర ఊపు

తడి తువ్వాలు కుర్చీ మీద ఎవరు పడేశారన్న దగ్గర ఆ రోజు మొదలైంది.

"నేను కాదు," అన్నాడు భర్త.

"అయితే అదే నడిచొచ్చి కూర్చుందేమో," అంది భార్య.

పది గంటలకు ఆమె పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష, ఇంట్లోనే, కంప్యూటర్ ముందు. ఏడేళ్ల చదువు ఆ గంటలో తేలిపోవాలి. భర్త రాజీకి వచ్చి, "పోనీ, ముందు నాకు చెప్పి చూడు," అన్నాడు.

ఆమె బల్ల మీది బొమ్మను చూపించింది. స్ప్రింగులతో కూర్చిన థర్మోకోల్ బంతులు, అదే ఆమె పరిశోధించిన ప్రోటీనుకు నమూనా. "ఒక్కో బంతీ ఉన్నచోటే గబగబా వణికితే ఏమీ కాదండీ. మొత్తం కలిసి మెల్లగా ఊగాలి. అప్పుడే నడుము దగ్గర వంగి ఆకారం మారుతుంది."

వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన ఆ చివరి మాటలే పడ్డాయి. వెంటనే పక్కింటి దర్జీ ఆవిడకు ఫోన్ చేసింది. "వదినా, సన్నబడాలంటే తిండి మానక్కర్లేదుట. నడుము మెల్లగా ఊగితే చాలుట. మా కోడలు ఏడేళ్లు చదివి కనిపెట్టింది."

దర్జీ ఆవిడ వస్తూ వస్తూ పై అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టరమ్మనూ వెంటబెట్టుకొచ్చింది.

"మరి ఊపేదెవరు?" అంది హెడ్మాస్టరమ్మ.

"వాషింగ్ మెషీన్ ఉందిగా. దానికో కాలు పొట్టి. బట్టలు పిండిందంటే గుర్రమే," అంది అత్తగారు. ముగ్గురూ దానికి నడుములు ఆనించి నిలబడ్డారు.

గోడ అవతల కోడలి గదిలో, తెర మీద పరీక్షాధికారి పెదవి విరిచాడు. "లెక్కలు బాగానే ఉన్నాయమ్మా. మెల్లటి ఊపుకీ ఆకారం మారడానికీ సంబంధం ఉందంటేనే నమ్మకం కుదరడం లేదు."

కోడలు బల్ల మీది బొమ్మను కెమెరా ముందుకు జరిపింది.

అప్పుడే మెషీను పిండడం మొదలుపెట్టింది. గోడ అదిరింది, బల్ల అదిరింది. బంతులు సన్నగా జలదరించాయే తప్ప బొమ్మ ఆకారం చెక్కుచెదరలేదు. ఆగబోతూ వేగం తగ్గేసరికి మెషీను మూడు నడుముల బరువుతో సహా పెద్ద పెద్దగా ఊగసాగింది. దాంతో బల్లా ఊగింది. బొమ్మ నడుము దగ్గర వంగి నోరులా తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది.

పరీక్షాధికారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎవరిదమ్మా ఈ ఏర్పాటు?"

"వదినా, నన్ను పట్టుకో, పడిపోతున్నా," అని గోడ అవతల ఎవరో అన్నారు.

"మా అత్తగారిదండీ," అంది కోడలు.

"ఒకసారి జరిగితే అదృష్టం. సోమవారం నేనే వస్తాను. నా కళ్లముందు మళ్లీ జరిగితే అక్కడే సంతకం పెడతాను."

భోజనాల దగ్గర సంగతంతా విన్న అత్తగారు గొంతు సవరించుకుంది. "ముగ్గురం అనుకున్నాం. పిల్ల డాక్టరేటు మా బరువుల మీద ఆధారపడి ఉంది. సోమవారం దాకా ఎవ్వరమూ ఒక్క కిలో కూడా తగ్గేది లేదు."

అని, శాస్త్రం కోసం రెండోసారి వడ్డించుకుంది.