పొన్నపుట్టుగలో ప్రొఫెసరు గారి తనిఖీ

ఆ రోజుకి హిమజ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారగానే తాపీమేస్త్రి పైడయ్య కళ్ళానికి ఆఖరి సిమెంటు పూత మొదలుపెట్టి, ఎండెక్కకముందే నున్నగా తేల్చేస్తాడు. మేనమామ దాలయ్య జీపు మాట్లాడుకుని పలాస స్టేషనుకి వెళ్ళి, వైజాగ్ నుంచి వచ్చే ప్రొఫెసరు గారిని తీసుకొస్తాడు. ఆయన కళ్ళం చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అమ్మ ధనమ్మ చేసిన రొయ్యల ఇగురుతో భోంచేసి సాయంత్రం బండికి వెళ్ళిపోతారు. ఇదంతా హిమజ రంగురంగుల గీతలతో పెద్ద చార్టు మీద గీసి, తోటలో అందరికీ కనబడేలా జీడిచెట్టుకి కట్టి మరీ పెట్టింది.

పగలు హిమజ పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మిగిలిన టైములో దూరవిద్యలో ప్రాజెక్టు మేనేజ్‌మెంటు పీజీ చదువుతోంది. రాత పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఇక ఏదైనా ఒక పనిని మొదట్నుంచీ చివరిదాకా తనే నడిపించి, పరీక్షకుడికి చూపించి మెప్పించాలి. మామ తోటలో జీడిగింజలు ఎండబెట్టుకునే సిమెంటు కళ్ళమే ఆమె ప్రాజెక్టు. నెలాఖరులోగా పాసైతే ఉద్యోగం నీదేనని వైజాగ్‌లో ఒక బిల్డింగుల కంపెనీ మాటిచ్చింది. ఇప్పుడు తప్పితే పరీక్షకుడు మళ్ళీ వచ్చేది ఏడాదికి. అంతకాలం ఆ కుర్చీ తనకోసం ఎవరూ ఖాళీగా ఉంచరని తెలిసి, వారం రోజులుగా ఆ పిల్లకి అన్నం సయించడం లేదు.

అసలా కళ్ళం ఎప్పుడో పూర్తికావలసింది. వానో గాలో వస్తే పనికొస్తాయని హిమజ చార్టులో కొన్ని రోజులు పచ్చరంగు వేసి ఖాళీగా ఉంచింది. దాలయ్య ఆ పచ్చరోజులన్నీ హాయిగా అరుగు మీద పడుకుని గడిపేశాడు.

"పని ఎందుకు ఆపీసినావు మావా?" అని మొత్తుకుంది హిమజ.

"నువ్వే కదే, ఈ రోజుల్లో పని నేదని గీసినావు? సదువుకున్న గుంటవి, నీ మాట జవదాటుతామేటి?"

"అవి వానొస్తే వాడుకోడానికి మావా!"

"వాన రానేదు కదా. అలాగని ఆ రోజులు ఊరికే పోగొట్టుకుంటామేటి?" అన్నాడు దాలయ్య ఎంతో న్యాయంగా.

అలా జరిగి జరిగి, ఆఖరి పూత సరిగ్గా తనిఖీ రోజు పొద్దున్నకి వచ్చి పడింది. పైడయ్య చివరి మూల తేల్చి తాపీ కడుక్కుంటున్నాడు, జీపు వచ్చి ఆగింది.

దిగినాయన వైకుంఠరావు గారు. భుజానికి సంచీ, కళ్ళజోడు, మెరుగుపెట్టిన నల్లబూట్లు. మహా పట్టింపు మనిషని పేరు. టెక్కలిలో ఎవరో కోళ్ళషెడ్డు ప్రాజెక్టుగా చూపిస్తే, కాగితం మీద తూర్పున ఉన్న తలుపు షెడ్డుకి దక్షిణాన ఉందని ఆ కుర్రాణ్ణి తప్పించేశారట. ఆయన కళ్ళం అంచున గొంతుక్కూర్చుని సిమెంటు వాసన చూసి, చాలా సబబైన ప్రశ్న వేశారు.

"ఇందులో కలిపిన నీళ్ళు ఎక్కడివమ్మా? బావి ఎంత లోతు? నీళ్ళు ఉప్పగా ఉంటాయా?"

కొంప మునిగింది అక్కడే. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికని ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వాళ్ళంతా ఇలాగే సంచీతో, బూట్లతో జీపు దిగుతారు. ముందు బావి సంగతి అడుగుతారు, తర్వాత రక్తం తీసుకుంటారు, ఆ తర్వాత కనబడరు. ఊరికి ఇది ఎంత అలవాటైపోయిందంటే, కొత్తమనిషి బావి మాట ఎత్తితే చాలు, ఎదుటివాడు చొక్కాచెయ్యి పైకి మడతపెట్టేస్తాడు. పక్క దొడ్డి ఊడుస్తున్న ముసలమ్మ చెవిన ఆ ప్రశ్న పడనే పడింది.

"ఓలమ్మో! డాక్టరు బాబొచ్చినాడు! బేగి రండర్రా!"

చూస్తుండగానే ఊరు ఊరంతా తోటలోకి వచ్చిపడింది. మగవాళ్ళు చేతులు చాపుకుని, ఆడవాళ్ళు తమ తమ బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకుని, కళ్ళం చుట్టూ బారులు తీరారు.

"నేను డాక్టర్ని కానమ్మా, ప్రొఫెసర్ని," అన్నారు వైకుంఠరావు గారు కంగారుగా.

"అయితే పెద్ద డాక్టరే!" అంది ముసలమ్మ. "పెద్దాసుపత్రిలో డాక్టర్లందరూ పెపేసరు గారికే కదా బయపడతారు."

"అవ్వా, ఈయన నా సదువు సూడ్డానికొచ్చినారే," అని హిమజ అడ్డం వెళ్ళింది.

"నీ సదువు తరవాత సూత్తారులే అమ్మీ. ముందు నా సెయ్యి సూడమను. ఎన్నిమాట్లు రగతం అట్టుకెల్లినారో! నాకేటున్నాదో ఒక్కడైనా తిరిగొచ్చి సెప్పినాడేటి?"

అవ్వని కసిరి పంపేద్దామనుకున్న హిమజ ఆ మాట విని పక్కకి తప్పుకుంది. వైకుంఠరావు గారు పాపం, ఏం చెయ్యాలో తోచక, ముసలమ్మ చెయ్యి పట్టుకుని తనకి రాని నాడి కాసేపు చూసి, "బాగానే ఉందమ్మా" అన్నారు. ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. రెండో క్షణంలో ఆయన ముందు మరో పాతిక చేతులు లేచాయి.

అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యి చూసిన డాక్టర్ని ఉత్తినే పంపే ఆచారం కొబ్బరితోటల్లో లేదు. ముసలమ్మ మనవడి చేత బొండాం కొట్టించి ఇచ్చింది. ఎండలో వచ్చిన మనిషి, ఆయన ఇష్టంగానే తాగారు. అది చూసి కూర్మనాథం, తన చెట్టు బొండాం పట్టుకుని ముందుకొచ్చాడు. ముసలమ్మ దొడ్డికీ అతని దొడ్డికీ మధ్య గట్టు తగాదా నడుస్తోంది.

"ఇంక చాలండీ," అన్నారు వైకుంఠరావు గారు.

"ఆ ముసిల్దాని బొండాం తాగి మాది ఒద్దంటారేటి బాబూ? మా సెట్టుకేటైనా సీడట్టిందేటి?"

తాగారు. కూర్మనాథంది తాగాక అతని బావది కాదనడం కుదరలేదు. బావది అయ్యాక బావమరిది చిన్నబుచ్చుకున్నాడు. ఒక ఇంటిది పుచ్చుకుని ఇంకో ఇంటిది వదిలితే ఊళ్ళో ఎన్ని మాటలొస్తాయో దాలయ్య పక్కనే నిలబడి ఓపిగ్గా వివరిస్తూ, ఎవరూ బాకీ పడకుండా చూస్తున్నాడు. హిమజ మాత్రం రెండు చేతులూ బారచాపి, "ఎనక్కి జరగండి బాబూ, సిమెంటు పచ్చిగున్నాది!" అని కళ్ళం చుట్టూ పరుగులు పెడుతోంది.

ఉన్నట్టుండి వైకుంఠరావు గారు లేచి నిలబడ్డారు. ముఖంలో రంగు మారింది.

"హిమజా... బాత్‌రూము ఎక్కడమ్మా?"

"అదుగో బాబూ, ఆ సివర," అని దాలయ్య కళ్ళానికి అవతలి ఒడ్డు చూపించాడు.

ఆయన కుడివైపు చూశారు. బొండాలతో జనం. ఎడమవైపు చూశారు. సీసాలతో జనం. అతి తక్కువ సమయం పట్టే దారి ఎలా ఎంచుకోవాలో ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి. ఎంచుకున్నారు.

"ఒద్దు బాబూ!" అని పైడయ్య కేక పెట్టేసరికే ఆయన కళ్ళం నడిమధ్యలో ఉన్నారు. అక్కడ ఎడమకాలి బూటు కూరుకుపోయింది. ఆయన దాన్ని దాని ఖర్మానికి వదిలేసి, మిగిలిన బూటుతోనే అవతలికి చేరి తలుపేసుకున్నారు.

"డాక్టరుకేటో అయిపోనాది!" అని కూర్మనాథం నీళ్ళ చెంబుతో ఆయన అడుగుజాడల్లోనే దూకాడు. అతని వెనక ముసలమ్మ, ఆమె వెనక ఊరు. పైడయ్య నెత్తి బాదుకున్నాడు. ధనమ్మ కూడా గరిటెతో సహా అడ్డంగా నడిచి వచ్చి, "రొయ్యలు నానింకా ఎట్టనేదు, నా తప్పేటీ నేదు" అని సాక్ష్యం చెప్పింది.

హిమజ కళ్ళం గట్టు మీద కూలబడింది. దుక్కి దున్నినట్టున్న ఆ సిమెంటులో ఆమెకి వైజాగ్ ఉద్యోగం సమాధై కనబడింది. ఏడుపు ఆపుకోలేక చున్నీలో ముఖం దాచుకుంది.

కాసేపటికి వైకుంఠరావు గారు తేరుకుని, ఈసారి చుట్టూ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సంచీలోంచి కాగితం తీశారు, కలం తీశారు, కళ్ళం వంక చూశారు, మళ్ళీ కాగితం వంక చూశారు.

"పని పాడైతే, ఎవరివల్ల పాడైందో కూడా నేను రాయాలి," అన్నారు మెల్లగా.

"మీ పేరే రాయండి బాబూ. ముందెల్లింది తవరే కదా," అన్నాడు దాలయ్య సాయం చేద్దామని.

ఆయన గొంతు సవరించుకున్నారు. "హిమజా, ఒకటే ప్రశ్న. ఈ ప్రాజెక్టులో నువ్వు ముందుగా ఊహించని రిస్కు ఏమిటి?"

వానా, గాలీ, ఇసుక దొరక్కపోవడం, పైడయ్యకి జ్వరం రావడం, అన్నీ ఆమె ముందే రాసిపెట్టింది. ఇక పోయేదేముందని కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"మీరే సార్."

వైకుంఠరావు గారు నడిమధ్యలో నిలబడిపోయిన తన బూటుని చాలాసేపు చూశారు. పెదవి చివర ఏదో కదిలింది.

"ఇరవయ్యేళ్ళలో ఇంత సూటి జవాబు వినలేదమ్మా," అని కలం మూత తీసి, 'పని తృప్తికరం, ఫస్టు క్లాసు' అని రాసి సంతకం పెట్టేశారు. హిమజ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ ఒకేసారి చేసింది. అవతల ధనమ్మ విస్తరి వేయబోతే, ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు.

సిమెంటు అప్పటికే బిగిసి, బూటు ఊడిరాలేదు. పైడయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు నలుపుకుంటూ ఆయన దగ్గరికొచ్చాడు.

"ఏటనుకోకండి బాబూ, మల్లీ పోసినప్పుడు మాత్రం మీకు కబురెట్టం."

వైకుంఠరావు గారు ఏమీ అనుకోలేదు. ఒక కాలికి తన బూటు, ఇంకో కాలికి దాలయ్య చెప్పు వేసుకుని జీపెక్కారు.