మంత్రిగారి ఎంబీఏకి నా హాజరు

గిడ్డంగుల శాఖ మంత్రిగారు ఎంబీఏ చదవబోతున్నట్టు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు. "ఇన్నాళ్లూ అనుభవంతో నెట్టుకొచ్చాం. ఇక చదువుకుని పాలిస్తాం. ఈ వయసులో పుస్తకం పట్టాలంటే గుండె ధైర్యం కావాలి" అన్నారు. అనడమే కాదు, పుస్తకం పట్టుకుని ఫొటో కూడా దిగారు. అది టెలిఫోన్ డైరెక్టరీ అని తర్వాత తెలిసింది గానీ, పట్టుకున్న తీరులో మాత్రం ఏ లోపమూ లేదు.

"ఎంబీఏ చేస్తే ఏమొస్తుంది సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"చేశాక చెప్తాను" అన్నారు మంత్రిగారు.

ఇంత నిజాయితీగా జవాబిచ్చిన మంత్రిని నేను చూడలేదు. ఆ చదువు చదవాలనుకునే యువతకి పనికొస్తుందని తర్వాత జరిగింది కూడా ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆయన పేషీలో టెంపరరీ టైపిస్టుని. టెంపరరీ అంటే ఏటా ఆఖరి రోజున ఉద్యోగం పోతుంది, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది. మధ్యలో ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

క్లాసులు మొదలయ్యే రోజున మంత్రిగారు పాఠ్యపుస్తకంలో మొదటి పేజీ తెరిచారు. నాయకుడు అన్ని పనులూ తానే నెత్తిన వేసుకోకూడదనీ, కింది వాళ్లకి అప్పగించాలనీ, దాన్నే డెలిగేషన్ అంటారనీ అందులో ఉంది. మంత్రిగారు పుస్తకం మూసేశారు. ఒక్క పేజీలో శాస్త్రం సారమంతా పట్టేయడం ఎంతమందికి చేతనవుతుంది?

"ఈ చదువు సంగతి నువ్వు కాస్త చూసుకో" అని పర్సనల్ సెక్రటరీకి చెప్పారు. మేమంతా ఆయన్ని పీయస్ గారంటాం. పీయస్ గారు సూపరింటెండెంటుని పిలిచి, "మీరు కాస్త చూసుకోండి" అన్నారు. సూపరింటెండెంటు తన గదిలోంచి బయటికొచ్చి అటూ ఇటూ చూశాడు. నేను కనిపించాను.

"ఏమోయ్, నువ్వు డిగ్రీ పాసయినట్టున్నావు?"

"అయ్యానండీ. కానీ మంత్రిగారి బదులు నేనెలా వెళ్తాను సార్?"

"మంత్రిగారి బదులు నిన్నెవరు వెళ్లమన్నారు? నువ్వు నా బదులు వెళ్తున్నావు. నేను పీయస్ గారి బదులు. ఆపైన సంగతి వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. పాసయితే నీ ఉద్యోగం పర్మనెంటు. మంత్రిగారి మాట."

"మంత్రిగారన్నారా సార్?"

"ఆయన బదులు నేనంటున్నాను."

ఇంటికెళ్లి చెప్తే మా ఆవిడ ఆగలేదు. అప్పటికప్పుడు వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేసి, "ఈయనకి పర్మనెంటయిపోయినట్టే" అని చెప్పేసింది. నా మీద ఏనాడూ గురి లేని ఆ పెద్దమనిషి ఫోన్‌లోకి నన్ను పిలిపించుకుని "బావగారూ" అన్నాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

కాలేజీలో హాజరు వేస్తూ మంత్రిగారి నంబరు వచ్చేసరికి మాస్టారు లేచి నిలబడేవారు. నేను కూర్చునే "ప్రెజెంట్" అనేవాణ్ణి. మంత్రి లేచి నిలబడితే ప్రభుత్వానికి మర్యాద కాదు. నా పక్క బెంచీలో పోలీసు కమిషనరు గారు, అంటే ఆయన బట్టలు ఇస్త్రీ చేసే కానిస్టేబులు. వెనకాల సిమెంటు కంపెనీ యజమాని, అంటే ఆయన డ్రైవరు. మేం ఎవరి హోదా వాళ్లం నిలబెట్టుకున్నాం. టీ తాగుతూ యజమానిగారు నన్ను గిడ్డంగి కాంట్రాక్టు అడిగితే "చూద్దాం" అన్నాను. ఆయన తృప్తిగా తలూపి, కమిషనరు గారికి కూడా తనే టీ ఇప్పించాడు.

ఒకరోజు క్లాసు అయ్యాక మాస్టారు నన్ను పక్కకి పిలిచారు.

"మంత్రిగారూ, నన్ను కాస్త పర్మనెంటు చేయించండి."

"అదేమిటండీ, ప్రొఫెసర్లు కూడా టెంపరరీయేనా?"

"నేను ప్రొఫెసర్ని కాదండీ. ఆయన బదులు వస్తున్నాను."

"చూస్తాను" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు దానంతటదే బరువెక్కింది.

చివర్న ఒక ప్రాజెక్టు రాయమన్నారు. లేకపోయినా పని ఆగని పోస్టు ఒకటి మన ఆఫీసులో కనిపెట్టి, కారణాలు చూపించాలి. నేను పీయస్ గారి పోస్టు అని రాశాను. ఆయన దగ్గరికి వచ్చిన ఏ పనీ ఆయన దగ్గర ఆగదు, కాబట్టి ఆయన లేకపోయినా ఆగదు. శాస్త్రం ప్రకారమే రాశాను. కాస్త కడుపుమంట కూడా ఉంది, కాదనను.

మంత్రిగారికి గోల్డ్ మెడల్ వచ్చింది. మెడల్ అందుకునే పని మాత్రం ఆయన ఎవరికీ అప్పగించలేదు, స్వయంగా వచ్చారు. కష్టమంతా ఒక్కరే మోయాలనుకునే ఆ స్వభావం చూసి సభ ముక్కున వేలేసుకుంది.

అదే విలేఖరి మళ్లీ లేచాడు. "ఎంబీఏ చేస్తే ఏమొస్తుందో ఇప్పుడు చెప్తారా సార్?"

"చెప్పడం దేనికి, చేసి చూపిస్తాను. నా పేషీలో ఒక పోస్టు దండగని నా ప్రాజెక్టులో రాశాను. రేపే తీసేస్తున్నాను."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేను. పీయస్ గారు కూడా కొట్టారు. ఆయన ప్రాజెక్టు చదవలేదు.

మర్నాడు మంత్రిగారు "ఆ పోస్టు సంగతి నువ్వు కాస్త చూసుకో" అని పీయస్ గారికి చెప్పారు. పీయస్ గారు ప్రాజెక్టు తెరిచి చదివారు. మొహంలో ఏ మార్పూ లేదు. సూపరింటెండెంటుని పిలిచి, "మీరు కాస్త చూసుకోండి" అన్నారు. సూపరింటెండెంటు బయటికొచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఏమోయ్, పీయస్ గారి పోస్టు తీసేశారు."

"అయ్యో" అన్నాను, సంతోషం పైకి కనిపించకుండా.

"ఆయన బదులు నువ్వు వెళ్లాలి."

"పోస్టు ఆయనది కదా సార్."

"మెడల్ కూడా మంత్రిగారిదే. చదివిందెవరు? ఇవన్నీ నీకు అలవాటున్న పనులేగా."

"మరి నా పర్మనెంటు సంగతి సార్?"

"పర్మనెంటుగానే వెళ్తున్నావు. ఇక ఏటా పోయి రానక్కర్లేదు."

సాయంత్రం వీడ్కోలు సభ పెట్టారు. పీయస్ గారి సుదీర్ఘ సేవల గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే వేదిక మీద కూర్చుని విన్నాను. పీయస్ గారు నాకు గోడ గడియారం బహూకరించి, తన సేవల్ని తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఆయన తరఫున కృతజ్ఞతలు నేనే చెప్పాను. సభ అయ్యాక ఆయన వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

గడియారం చంకలో పెట్టుకుని ఇల్లు చేరాను. మా ఆవిడ దాన్ని చూసి మొహం వెలిగిపోతూ ఎదురొచ్చింది. జరిగింది చెప్పాను. గడియారం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"మా అన్నయ్యకి ఎవరు చెప్తారండీ?" అంది ఆఖరికి.

"నువ్వు కాస్త చూసుకో" అన్నాను.

మా ఆవిడ అటూ ఇటూ చూసింది.