మూడు శాఖల మృతుడు

పొద్దున్నే సమాధిరాయిని ఫొటో తీసి, పగటి రైలుకు బెంగుళూరు చేరి, మధ్యాహ్నం ఇంటర్వ్యూలో దాన్ని చూపించాలి. పద్మనాభ పథకం అంతే. ఈ ఉద్యోగం కూడా చేజారితే నలభై దాటిన మనిషికి మరో పిలుపు రాదు. అతను చదివింది డిజైన్, డాక్టరేటు చరిత్రలో, పాఠాలు చెప్పేది విజ్ఞానశాస్త్ర తత్వం. ఏ శాఖ తలుపు తట్టినా, మీరు పక్క శాఖ మనిషి అనేవారు.

అతని పరిశోధనంతా కోలారు బంగారు గనుల క్రైస్తవ శ్మశానంలో ఉంది. గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్లు గడిచినా లోపల బండలు పేలి కూలీలు పోవడం ఆగలేదు. బండ పేలిన ఏడాది చావులు ఎక్కువై, సమాధుల మీద అక్షరాలు చెక్కేవాళ్ల తొందరలో సన్నబడతాయని అతను కనిపెట్టాడు. పోల్చి చూపడానికి, తీరిగ్గా చెక్కిన కొత్త రాయి ఒకటి కావలసి వచ్చింది.

"ఎవురి పేరు కొట్టేది సార్?" అని రాళ్లు చెక్కే అమోసు ముందే అడిగాడు.

"ఇంగొకరి పేరు కొడితే తంతారప్పా. నాదే కొట్టు."

"పోయిన తేదీ?"

"ఇంటర్వ్యూ తేదీ ఎయ్యి. గుర్తుంటాది."

సన్నటి వానలో పాత సమాధుల వరుసలో రాయి నిలబెట్టి, ఫొటో తీసి, రాయిని అక్కడే వదిలి, పద్మనాభ ఫొటో కడిగించడానికి స్టూడియోకు పరుగెత్తాడు. తల్లి సమాధికి పూలు తెచ్చిన పొరుగింటి ఎస్తరమ్మ ఆ రాయి చదివి, అతని ఇంటికి పరుగెత్తింది.

"కుముదా, మీ ఆయన్ని పూడ్చేసినారమ్మా!"

"ఇస్త్రీ చొక్కా ఏసుకుని ఇప్పుడే పోయినాడే అక్కా!"

"రాయి కూడా ఎత్తినారు. ఈ పొద్దు తేదీనే ఉండాది. అయినా మా మతంలో ఎప్పుడు కలిసినాడమ్మా?"

"ఒక్క పనీ టయానికి చేసే మనిషి కాదే! ఇన్ని పనులు ఒక పొద్దులో ఎట్ల చేసినాడు?" అంటూ కుముద గోడకు చేరగిలబడి ఏడ్చింది.

ఆమె తమ్ముడు శ్రీధర శ్మశానానికి వెళ్లి రాయిని కళ్లారా చూశాడు. బావ పోయాడని, ఇంటర్వ్యూకు రాలేడని బెంగుళూరుకు ట్రంక్ కాల్ చేశాడు.

పద్మనాభ తడిసి ముద్దయి చేరేసరికి ఇంటర్వ్యూ గదిలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. తనకోసమే అనుకున్నాడు. నిజమే.

"ఆయన మా డిజైన్ మనిషి," అన్నారు ఒకరు.

"చరిత్రకే తీరని లోటు," అన్నారు రెండోవారు.

"పుట్టుకతో తత్వవేత్త," అంటూ మూడోవారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

గుమ్మంలో నిలబడి విన్న పద్మనాభకు ఏడుపొచ్చింది. మొదటిసారి ముగ్గురికీ కావలసినవాడయ్యాడు.

"సార్, నేను బతికే ఉన్నాను! అయితే ఉద్యోగం నాదేనా?"

డైరెక్టర్ చంద్రశేఖర బల్ల మీది కాగితం చేతికి తీసుకున్నారు.

"చాలా సంతోషం పద్మనాభా. కానీ ఇప్పుడే తీర్మానం పాసైపోయింది. మీ గౌరవార్థం ఆ ఉద్యోగాన్ని ఎప్పటికీ ఖాళీగానే ఉంచుతున్నాం."

ఇక మౌనం పాటించడం ఒక్కటే మిగిలింది. పద్మనాభ కూడా వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాడు.