ప్రతి ద్రాక్షతోటకూ బస్సెడు అత్తయ్యలు కావాలి

మిడతల దండు గురించి గ్రంథాలున్నాయి. వడగళ్ళ కోసం బీమా కంపెనీలున్నాయి. ద్రాక్షకు పట్టే బూజు తెగులు మీద ఫ్రాన్సు వెళ్ళి చదువుకొచ్చిన డాక్టర్లే ఉన్నారు. కానీ మే నెల ఆదివారాల్లో బీరూట్ నుంచి కొండ దాటి వచ్చి, మా బెకా లోయ ద్రాక్షతోటల్లో దిగే అత్తయ్యల గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క మంచి మాట రాయలేదు. ఎంత అన్యాయం!

ఆ లోటు నేను తీరుస్తాను. నా పేరు షుక్రీ. జహ్లె ఊరి అవతల నాకో చిన్న తోట, అందులో వైన్ చేసుకునే ఇంకా చిన్న కొట్టు ఉన్నాయి. వయసు అరవై రెండు. నాలుగేళ్ళుగా ఈ బస్సులకు ఆతిథ్యం ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. ద్రాక్షతోట అన్నాక బస్సెడు అత్తయ్యలు ఉండి తీరాలి. వాళ్ళు అడుగుపెట్టని తోట తోటే కాదు!

బీరూట్‌లో ‘వైన్ లోయకు ఒక్కరోజు విహారం’ అని టికెట్లు అమ్ముతారు. పదకొండింటికి తోటలో నడక, పదకొండున్నరకు వైన్ రుచి చూడటం, ఒంటిగంటకు చెట్ల నీడన భోజనం అని ఆ కాగితం మీద అచ్చువేస్తారు. చదవడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! కొండ దిగగానే ష్తౌరాలో బస్సు ఆగుతుంది. ష్తౌరాలో ఆగకుండా పోయిన బస్సును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అక్కడ గట్టి పెరుగు రాసి చుట్టిన రొట్టెలు తలా రెండు తిని, దారిలోకి మరో రెండు కట్టించుకుని, పన్నెండున్నరకు నా గేటు ముందు దిగుతారు. కడుపు నిండిన మనిషికి వైన్ మీద ఏం ధ్యాస ఉంటుంది? చేతులు మాత్రం ఖాళీగా ఉంటాయి. ఆ చేతుల గొప్పతనం గురించే ఈ వ్యాసం.

ద్రాక్షతీగ కనబడితే మీకేం గుర్తొస్తుంది? వైనా? అయితే మీరు మా వాళ్ళు కాదు. మా వాళ్ళకు గుర్తొచ్చేది ఆకు! లేత ద్రాక్షాకులో బియ్యం, కీమా పెట్టి వేలెడంత మడతలు చుట్టి, గిన్నె అడుగున గొర్రె పక్కటెముకలు పరిచి, వాటి మీద ఆ మడతలు వరసగా పేర్చి, నిమ్మరసంలో గంటల తరబడి ఉడికిస్తారు. మా దేశంలో ఆ వంట వద్దన్నవాడికి పిల్లనివ్వరు. ద్రాక్షపండు అంటారా, ఆకు కోయడం మరిచిపోతే కాసేది అది. ఆ పండు తినడం కూడా మరిచిపోతే అయ్యేది వైన్.

అందుకే ఆ బస్సులో గొడుగు లేనివాళ్ళు ఉండొచ్చు, కళ్ళజోడు మరిచిపోయినవాళ్ళు ఉండొచ్చు, ప్లాస్టిక్ సంచి తెచ్చుకోనివాళ్ళు మాత్రం ఉండరు.

వీళ్ళ వల్ల నా తోటకు ఎన్ని లాభాలని! మా లోయలో ఒక వైన్ నిపుణుడున్నాడు. ఆరేళ్ళు పరదేశంలో చదివాడు. ఆకు చూపించి ఏ రకం ద్రాక్షో చెప్పమంటే ఇప్పటికీ పుస్తకం తీస్తాడు. మదామ్ ఇబ్తిసామ్‌కి పుస్తకం అక్కర్లేదు. ఆవిడ బీరూట్‌లో జడ్జిగా చేసి రిటైరైన పెద్దావిడ, ఈ బస్సుకు మకుటం లేని మహారాణి. ఆకును రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి రుద్దుతుంది, అంతే.

“ఇది సిరా రకం. దీని నూగు గొంతులో గుచ్చుకుంటుంది. వదిలేయండమ్మాయిలూ! అదిగో, ఆ చివర నాలుగు వరసలు చూశారా? ఒబైదీ. పట్టుగుడ్డలా ఉంది, పదండి!”

అమ్మాయిలంటే అందరూ అరవై దాటినవాళ్ళే. మెట్లెక్కొద్దని డాక్టర్లు చెప్పినవాళ్ళు. వాళ్ళు నా నీటికాలవను ఒక్క గంతులో దాటడం మీరు చూడాలి! ఏ ఆసుపత్రి చేయగలదు ఈ వైద్యం?

ఇక వ్యాపారం సంగతి. ఆ నాలుగు వరసల ఒబైదీ మా నాన్న నాటినది. తెల్ల వైన్ ఆ పండుతోనే చేస్తాను. మొదటి ఏడు మూడొందల సీసాలు వచ్చాయి. ఆకు పోయిన గుత్తికి నీడ ఉండదు, ఎండకు మాడుతుంది. నిరుడు నలభై సీసాలు వచ్చాయి. తక్కువ దొరికేదానికే గిరాకీ అని పండితులు చెబుతారు కదా? అత్తయ్యలు నా వైన్‌ను ఏటేటా అపురూపం చేస్తున్నారు. ఈ లెక్కన ఇంకో రెండేళ్ళలో ప్రపంచంలోకెల్లా అపురూపమైన వైన్ నాదే అవుతుంది. ఒక్క సీసా కూడా ఉండదు!

వాళ్ళ చదువు, పట్టుదల నాకు చాలా నేర్పాయి. ‘పురుగుమందు కొట్టాం, జాగ్రత్త’ అని ఒకసారి బోర్డు పెట్టాను. దాని ముందు నిలబడి, “ఏ మందు? ఎన్నాళ్ళయింది? పోన్లే, వెనిగర్‌లో కడుక్కుంటాం” అన్నారు. తాడు కట్టాను. వంగడానికి ఆసరాగా బాగుందని మెచ్చుకున్నారు. కుక్కను తెచ్చి కట్టేశాను. నాలుగు ఆదివారాల్లో దానికి ష్తౌరా రొట్టె రుచి తగిలింది. ఇప్పుడది బస్సు హారన్ వినగానే గేటు దగ్గరికెళ్ళి, అందరినీ వెంటబెట్టుకుని ఒబైదీ వరసలకు దారి చూపిస్తోంది.

ఇంత చేసే అతిథులను ఆదరించొద్దంటారా? కానీ ఒక్క చిన్న విషయం ఉంది. చెప్పకపోతే వ్యాసం అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను.

మా నాన్న పోయేముందు నాతో ఒక మాట అన్నాడు. “ఒబైదీ వైన్ ఒట్టిగా తాగితే ఏమీ లేదురా. ఆ తీగ ఆకుతోనే చేసిన మడతలు తింటూ తాగు. అప్పుడు తెలుస్తుంది.” ఆయన మాట కోసమే పాడుబడ్డ కొట్టు బాగుచేసి మళ్ళీ వైన్ మొదలుపెట్టాను. నేను మొదలుపెట్టిన ఏడే నా భార్య వదాద్‌కి వేళ్ళ కీళ్ళు పట్టేశాయి. రెండొందల మడతలు చుట్టడం ఆవిడ వల్ల కాదు. నేను చుడితే మడత కాదు, మూట అవుతుంది. హోటల్లో దొరకవా అంటారేమో. వాళ్ళది సీసాలో ఉప్పునీళ్ళలో ఊరిన ఆకు. దాంతో నాన్న మాటను పరీక్షించడం నాన్నను అవమానించినట్టే. కాబట్టి నాలుగేళ్ళుగా వైన్ చేస్తున్నాను గానీ, ఆ వైన్ ఎలా ఉంటుందో నాకింకా తెలియదు. తెలుసుకోవాలని మాత్రం మహా కోరికగా ఉంది.

ఇక మొన్నటి ఆదివారం సంగతికి వస్తాను.

పన్నెండున్నరకు బస్సు దిగింది. గైడు మిరేయ్ మంచి పిల్ల, తోట మధ్యలో నిలబడి సున్నపురాయి నేల గురించి చక్కగా చెప్పింది. నలభై మందికి చెప్పాల్సింది నాకూ బస్సు డ్రైవరుకీ చెప్పింది. మిగతా అందరూ ఒబైదీలో ఉన్నారు. నేను చల్లటి సీసా, గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని అక్కడికే వెళ్ళాను.

“మదామ్, ఒక్క గుక్క రుచి చూడండి. ఈ తీగల వైనే.”

“చేతులు ఖాళీ లేవబ్బాయ్. అవి అక్కడ పెట్టి ఈ సంచి పట్టుకో.”

పట్టుకున్నాను. నా ఆకులు నా చేతిలోని సంచిలో పడుతున్నాయి.

“అలా నొక్కకు, నలిగిపోతాయ్!”

“మదామ్, మీరు జడ్జిగా చేశారు కదా. పరాయివాళ్ళ తోటలో...”

“కాయ కోస్తే దొంగతనం. ఆకు కోస్తే తోటపని. నువ్వు కేసు పెట్టినా నేనైతే ఇదే తీర్పు ఇచ్చేదాన్ని. ఆ పై కొమ్మ కాస్త వంచు.”

పై కొమ్మ వంచాను. చట్టం అంటే నాకు గౌరవం.

భోజనం వేళయింది. టికెట్టుతోపాటు నేను పెట్టించిన కోడి కూర ఉంది. దాని వంక బస్సు డ్రైవరు తప్ప ఎవరూ చూడలేదు. ఈ నాలుగేళ్ళలో మొదటిసారిగా బస్సులోంచి నాలుగు పెద్ద గిన్నెలు దిగాయి, చల్లారకుండా దుప్పట్లు చుట్టి. మదామ్ ఇబ్తిసామ్ ఒక గిన్నెను పళ్ళెం మీద బోర్లించి, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి, మెల్లగా పైకెత్తింది. గుట్టగా మడతలు, పైన పక్కటెముకలు, నిమ్మకాయ వాసనతో ఆవిరి.

“ఇవన్నీ పోయిన ఆదివారం నీ తోటలో కోసినవే అబ్బాయ్!” అంది గర్వంగా. “రా, కూర్చో. నాలుగు తిను.”

మా లోయలో ఒక పద్ధతి ఉంది. పిలవగానే కూర్చుంటే కరువులో పుట్టినవాడంటారు. మొదటిసారి ‘ఇప్పుడే తిన్నాను’ అనాలి. రెండోసారి ‘నిజంగా కడుపులో చోటు లేదు’ అనాలి. మూడోసారి వాళ్ళు చెయ్యి పట్టి లాగి, పిల్లల మీద ఒట్టు పెట్టాలి. అప్పుడు ‘సరే, మీ మాట కాదనలేక ఒక్కటి’ అని కూర్చుని పళ్ళెం ఊడ్చేయాలి. పొద్దుట్నుంచీ గ్లాసులు తుడవడంలో పడి నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అయినా పద్ధతి పద్ధతే కదా? గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాను.

“ఇప్పుడే తిన్నాను మదామ్. మీరు కానివ్వండి.”

“అలాగా? సరే అయితే” అంది.

సరే అయితే!

నేను కదల్లేదు. కుర్చీలు సర్దాను. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. నిమ్మరసం సరిపోయిందా అని అడిగాను. భలే సరిపోయిందన్నారు. ఉప్పు? ఉప్పూ సరిపోయిందట. వంటింటి కిటికీలోంచి వదాద్ నన్నే చూస్తోంది. చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి గ్లాసుల్లో వైన్ పోశాను. ముందు రొట్టెలు, తరువాత సంచులు అడ్డొచ్చాయి గానీ ఇప్పుడు వాళ్ళ చేతులు ఖాళీ. తాగారు.

బల్ల మీద మాటలు ఆగిపోయాయి. నలభై మంది అత్తయ్యలు ఒకేసారి నోరు మూసుకోవడం మీరెప్పుడైనా విన్నారా?

మదామ్ ఇబ్తిసామ్ గ్లాసు దించింది. ఇంకో మడత తిని, ఇంకో గుక్క తాగింది.

“ఏమిటిది?”

“ఒబైదీ మదామ్. మీరు తింటున్న ఆకు తాలూకు పండు.”

“ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయే రెండూ! ఇలాంటిది ఇంట్లో పెట్టుకుని మాకు ఒట్టిగా పోస్తావా? ముందే చెప్పొద్దూ?”

ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇంకొకావిడ చచ్చిపోయిన మొగుణ్ణి తలుచుకుంది, అదీ మంచిగా. నిరుటి సీసాల్లో మిగిలినవి కొట్టులోంచి తెమ్మన్నారు, తెచ్చాను. పోస్తూనే ఉన్నాను. మా నాన్న చెప్పింది అక్షరాలా నిజమట. బల్ల దగ్గరున్న ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. కోడి కూర తిన్న డ్రైవరు కూడా రెండు మడతలు తిని, పక్కావిడ గ్లాసు వాసన చూసి తల ఊపాడు.

పళ్ళెంలో ఒకే ఒక్క మడత మిగిలింది. మదామ్ దాన్ని మిరేయ్‌కి చూపించింది.

“వద్దు అత్తయ్యా, తిన్నాను” అంది మిరేయ్.

“తినమ్మా, చిక్కిపోయావు.”

“నిజంగా వద్దు, చోటు లేదు.”

“నా మీద ఒట్టే!” అని చెయ్యి పట్టి లాక్కుని నోట్లో పెట్టేసింది.

చూశారా? మూడుసార్లు! పద్ధతి వాళ్ళకు తెలుసన్నమాట! ఇక నా వల్ల కాలేదు. మర్యాద కాస్త పక్కన పెట్టి, “మదామ్, నన్ను ఒక్కసారే అడిగారు” అన్నాను.

“నిన్నా?” అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోయి. “తోట నీది, ఆకు నీది, వైన్ నీది. నీకేం లోటయ్యా?”

బస్సు వెళ్ళిపోయింది. బల్ల తుడుస్తుంటే వదాద్ వచ్చింది.

“పిలిచినప్పుడు కూర్చోవచ్చుగా?”

“ఒక్కసారే పిలిచారు.”

“అయ్యో” అంది. తన వేళ్ళ వంక చూసుకుంది. “మూడుసార్లు నేనడుగుతాను. చుట్టడమే చేతకావడం లేదు.”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎండ వల్ల అన్నాను. ఆవిడ నమ్మినట్టు నటించింది.

కాబట్టి అత్తయ్యలారా, ఈ పత్రిక మీరు చదువుతారని తెలుసు. ఈ ఆదివారం తప్పకుండా రండి. ష్తౌరాలో ఆగే రండి. నాలుగు వరసల్లో ఎంత కావాలంటే అంత ఆకు కోసుకోండి. దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఎప్పుడూ లేదు. ఒక్క సీసా మాత్రం మంచం కింద దాచిపెట్టాను. అది మీకోసం కాదు.

మీరు గిన్నె బోర్లించి నన్ను పిలుస్తారు. ఇప్పుడే తిన్నానంటాను. నమ్మకండి. చోటు లేదంటాను. అదీ నమ్మకండి. నేను పద్ధతిగా పెరిగినవాణ్ణి, నా నోటితో నేను అడగలేను. ఇంకొక్కసారి పిలవండి.