నాలుగు పార్కులూ, పద్నాలుగు నెలలూ

కుటుంబమంతా కలిసి అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్లడంలో ఏమంత సుఖం లేదు. అసలు సుఖమంతా ఏ పార్కుకు వెళ్లాలో తేలకుండా ఉండటంలోనే ఉంది!

ఈ మాట నేను గాలికి అనడం లేదు. పద్నాలుగు నెలల అనుభవంతో అంటున్నాను.

మీరే ఆలోచించండి. పార్కుకు వెళితే ఏమవుతుంది? పొద్దున వెళ్తాం, సాయంత్రానికి అయిపోతుంది. మధ్యలో ఎండ, క్యూ, ఒకరికి వాంతి, ఒకరికి తలనొప్పి. ఎవరిదో ఒకరిది చెప్పు పోతుంది. అదే ఎంచుకుంటూ కూర్చుంటే? పద్నాలుగు నెలలైనా ఎవరికీ కళ్లు తిరగలేదు. ఒక్క చెప్పు పోలేదు. ఇంతకన్నా క్షేమకరమైన విహారం ఇంకెక్కడైనా ఉందా?

నా గురించి నాలుగు ముక్కలు. నేను దర్జీని. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ నా పని. చదువు అంతంతమాత్రం. దేవుడంటే భక్తి, బోర్డు మీద రాసిన రూల్సంటే భయం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ పనైనా అందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదన్నా ఆగాల్సిందే. ఈ పద్ధతి పెట్టింది నేనే. ఒకప్పుడు ఎవరినీ అడక్కుండా సోఫా కొన్నాను. అది గుమ్మంలో పట్టలేదు. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. పూటంతా వీధిలోనే ఉండిపోయింది. మా బావమరిది వచ్చి దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, టీ అక్కడికే తెప్పించుకుని, దారిన పోయేవాళ్లందరినీ లోపలికి రమ్మన్నట్టు పలకరించాడు. ఆ రోజు దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను, ఇకపై అందరినీ అడిగే చేస్తానని. కొలతల మీద బతికేవాడు గుమ్మం కొలవడం మరిచిపోతే ఆ మాత్రం శిక్ష ఉండాలి కదా!

అందుకని ఫ్యామిలీ గ్రూపు పెట్టాం. అందులో నేను, మా ఆవిడ, కాలేజీకి వెళ్లే మావాడు, సిటీ బస్సు నడిపే బావమరిది. ఒకటో తరగతి చదివే మా చిన్నదానికి ఫోన్ లేదు కాబట్టి గ్రూపులో లేదు. గ్రూపులో లేని మనిషికి ఓటు ఎక్కడి నుంచి వస్తుంది?

మా ఊరికి అందుబాటులో నాలుగు పార్కులున్నాయి. నీళ్ల పార్కు, కొండ మీది పార్కు, పెద్ద చక్రం పార్కు, పాత పార్కు. నాలుగే కదా, చిటికెలో తేల్చేయొచ్చు అనుకుంటున్నారా? మీరింకా రివ్యూలు చదవడం మొదలుపెట్టలేదన్నమాట.

బేకరీలో ప్యాకింగ్ పని చేసే మా ఆవిడ, ఒక్కో పార్కుకు వచ్చిన రివ్యూలన్నీ వదలకుండా చదివింది. నీళ్ల పార్కుకు ఒకాయన ఒకే స్టార్ ఇచ్చాడట. కారణం, బట్టలు తడిసిపోయాయట. కొండ మీది పార్కుకు ఒకావిడ ఐదు స్టార్లిచ్చి, వాన వల్ల వెళ్లలేకపోయాం, చాలా బాగుంది అని రాసిందట. ఇప్పుడా పార్కుల బాత్రూముల సంగతి వాటిని కడిగేవాళ్లకన్నా మా ఆవిడే బాగా చెప్పగలదు. ఏ తలుపుకు గడియ లేదో, ఏ కొళాయి కారుతుందో ఆమెకు కంఠతా వచ్చు. అక్కడికి వెళ్లకుండానే ఇంత జ్ఞానం! ఇది వరం కాదా?

మావాడి సంగతి చూడండి. పరీక్షలో పట్టిక గీయమంటే స్కేలు పోయిందనే రకం. అలాంటివాడు నాలుగు పార్కుల్లోని రైడ్లన్నిటికీ ఎత్తు, వేగం, ఎన్ని సెకన్లు తలకిందులుగా ఉంచుతారు అన్నవి రంగురంగుల గడులతో పట్టిక వేశాడు. ఇంట్లో మూడు మాటలకు మించి మాట్లాడనివాడు గ్రూపులో పేరాలు పేరాలు రాశాడు. మొదటిసారి వాడి అభిప్రాయాలు తెలిశాయి నాకు. నా అభిరుచి మీద కూడా వాడికొక అభిప్రాయం ఉందట, అదీ తెలిసింది.

ఇక బావమరిది. అతనికి పార్కులతో పేచీ లేదు, దారులతోనే. కొండ మీదికి మలుపులెక్కువ. పెద్ద చక్రానికి సిగ్నల్స్ ఎక్కువ. నీళ్ల పార్కు రోడ్డు తవ్వేశారు. రోజంతా బస్సు నడిపేవాడికి సెలవు రోజున రోడ్డు చూస్తేనే ఒళ్లు మండుతుందని మాకు ఆలస్యంగా అర్థమైంది. ముగ్గురం ఒకదానికి ఒప్పుకోగానే అతను వచ్చి కాదనేవాడు.

నేను మాత్రం పాత పార్కే అంటూ వచ్చాను. అక్కడ చెట్ల కింద బెంచీలున్నాయి. పొద్దస్తమానం నిలబడి గుడ్డ కోసేవాడికి బెంచీని మించిన రైడ్ ఏముంది? దాన్ని మావాడు ముసలాళ్ల పార్కు అని తోసేశాడు.

ఇలా సంక్రమించిన జ్ఞానమంతా ఏమైంది అంటారా? ఎక్కడికీ పోలేదు, గ్రూపులో భద్రంగా ఉంది.

ఇందులో భగవంతుడి లీల కూడా నాకు కనిపిస్తుంది. ఆయన మనల్ని అమ్మానాన్నల్ని ఎంచుకోమనలేదు చూశారా! నాలుగు జంటల్ని చూపించి, రేటింగులు చూసుకుని చెప్పు నాయనా అని ఉంటే, మనలో చాలామందిమి ఇంకా పుట్టి ఉండేవాళ్లం కాదు. ఆయన చెయ్యని పని మనం చేస్తున్నామంటే, అది మన గొప్పా, లేక ఆయన తెలివా? నా చిన్న బుర్రకు తేలడం లేదు. పెద్దలు చెప్పాలి.

అన్నట్టు, మా చిన్నదాని మాట చెప్పలేదు. దానికి కావలసింది ఒక్కటే, గొంగళిపురుగు రైలు. పచ్చటి పెట్టెలు, ముందు పెద్ద కళ్లూ మీసాలూ ఉన్న ఇంజను, గుండ్రంగా మూడు చుట్లు తిరిగి ఆగిపోతుంది. వాళ్లమ్మ ఫోనులో ఫోటో చూసింది. చిత్రమేమిటంటే అది నాలుగు పార్కుల్లోనూ ఉంది.

"ఏదైనా సరే నాన్నా. అన్నిట్లోనూ ఉందిగా" అంది.

మేం నలుగురం ఎంత నవ్వుకున్నామో! ఏదైనా సరేనట. నీళ్ల పార్కుకు బాత్రూముల్లో రెండు స్టార్లే అన్న సంగతి పాపం దానికేం తెలుసు?

ఆ ఫోటోలో రైలు పక్కన ఒక బోర్డుంది. మావాడు దాన్ని పెద్దది చేసి చదివి వినిపించాడు. నూట పది సెంటీమీటర్లు దాటినవారు ఎక్కరాదు అని. ఎక్కడైనా పొట్టివాళ్లని ఆపుతారు, ఇక్కడ పొడుగువాళ్లని ఆపుతారన్నమాట. చెల్లెల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీశాడు. "ఇంకా కొంచెమే ఉందే. పాలు తాగి తాగి ఊరికే పొడుగైపోతున్నావు" అని ఆటపట్టించాడు. అది నా వైపు చూసింది. నేను ధైర్యం చెప్పాను. రైలు ఎక్కడికి పోతుందమ్మా, పార్కులోనే గుండ్రంగా తిరుగుతుంటుంది కదా అన్నాను. రైలు గురించి నేనన్నది అక్షరాలా నిజం.

వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి. అర్ధ సంవత్సరం సెలవులూ అంతే. మేం ఖాళీగా కూర్చున్నామనుకోకండి. పదకొండుసార్లు ఓటింగ్ పెట్టాం. ఒకసారి నీళ్ల పార్కు గెలవబోయి, ఎవరో అక్కడ కప్పను చూశామని రాయడంతో ఓడిపోయింది.

ఆ రోజుల్లోనే మా చిన్నదానికి ఏదో అయింది. పాలు తాగడం మానేసింది. నడుస్తుంటే మోకాళ్లు వంగి ఉండేవి. నేను కుట్టిన గౌను దానికి కిందికి జారినట్టు కనిపించడంతో నాకు నా కత్తెర మీదే అనుమానం వచ్చింది. ఎదిగే పిల్లకు గౌను పొట్టి కావాలి గానీ పొడుగు కావడమేమిటి? నిటారుగా నిలబడవే అంటే నిలబడేది కాదు. మా ఆవిడ కంగారుపడింది. ఎముకల జబ్బేమోనని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆవిడ మోకాళ్లు తట్టి చూసింది, వీపు నిమిరింది. పిల్ల రాయిలా ఉంది అంది. మమ్మల్ని కాస్త ఆగమని, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది. అది గొణుగుతూ చెప్పింది. రోజూ సాయంత్రం మేమంతా ప్రార్థనకు కూర్చున్నప్పుడు, తనను పొడుగు చెయ్యొద్దని దేవుణ్ణి అడుగుతోందట. నాన్నవాళ్లు పార్కు ఎంచుకునేదాకా.

అదే గదిలో, అదే వేళకు, దాని పక్కనే కూర్చుని, పిల్లలు చక్కగా ఎదగాలని నేను రోజూ అడుగుతున్నాను. ఒకే ఇంటి నుంచి ఇలా రెండు అర్జీలు వెళితే పైనున్న ఆయన ఏం చేస్తాడు? ఏది ముందు చదువుతాడు?

డాక్టరమ్మ దాన్ని గోడకు నిలబెట్టి కొలిచింది. నూట తొమ్మిది. మందుల చీటీ మీద ఏదో రాసి నా చేతిలో పెట్టింది. "మందు పిల్లకు కాదండీ, మీకు" అంది. చీటీలో ఇలా ఉంది: ఈ ఆదివారం, ఏదో ఒక పార్కు.

డాక్టర్లకు తొందరెక్కువ. సంసారం సంగతి వాళ్లకేం తెలుసు? అయినా ఆవిడ మీద గౌరవంతో వెంటనే చీటీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. అందరూ దణ్ణం పెట్టే బొమ్మలు పంపారు. వెంటనే మావాడు పన్నెండో ఓటింగ్ పెట్టాడు, ఏదో ఒక పార్కు అంటే ఏది అని. అది తేలడానికి మూడు నెలలు చాలలేదు.

చివరికి మేం వెళ్లింది మేం ఎంచుకుని కాదు. మా ఆవిడ బేకరీవాళ్లు పనివాళ్లందరినీ కుటుంబాలతో సహా విహారానికి తీసుకెళ్లారు. బస్సు వీధి చివరికి వచ్చి ఆగింది. ముందు అద్దానికి కాగితం అంటించి ఉంది, పెద్ద చక్రం పార్కు అని. ఎవరూ మమ్మల్ని అడగలేదు, ఓటింగ్ పెట్టలేదు. మొదటి మలుపు తిరిగేసరికే మా ఆవిడ పక్కావిడతో కబుర్లలో పడిపోయింది, మావాడు ఈల వేస్తున్నాడు. బావమరిదికి ఆ రోజు డ్యూటీ ఉంది, కాదనేవాళ్లు లేరు. ఇంత సుఖంగా నేను ఎప్పుడు ప్రయాణం చేశానో గుర్తులేదు. అయినా నా సిద్ధాంతాన్ని వదులుకునేవాణ్ణి కాదు.

గొంగళిపురుగు రైలు దగ్గర మెళ్లో విజిల్ వేసుకున్న ఒక అమ్మాయి ఉంది. పక్కన ఎత్తు కొలిచే పలక, దాని మీద ఎర్ర గీత. మా చిన్నది వెళ్లి దానికి ఆనుకుని నిలబడింది. మోకాళ్లు వంచింది, భుజాలు దించింది, మెడ కూడా లోపలికి లాక్కుంది.

"నిటారుగా నిలబడమ్మా" అంది ఆ అమ్మాయి, చిరాకేమీ లేకుండానే.

మా చిన్నది నా వైపు చూసింది. కొలత తీసుకుంటూ ఎన్ని వందల మంది పిల్లలకు ఇదే మాట నేను చెప్పి ఉంటానో! దానికి మోకాళ్లు అంతేనండీ, పుట్టుకతోనే అలా ఉన్నాయి అందామని నోరు తెరిచాను. నలభై ఏడేళ్లు అబద్ధం ఆడకుండా వచ్చిన నోరు. ఆ మాటకు తిరగలేదు. ఈలోగా పిల్లే నెమ్మదిగా మోకాళ్లు చాపింది. తల గీత దాటి వేలి మందం పైకి వచ్చింది.

"పెద్దదానివైపోయావు" అని ఆ అమ్మాయి నవ్వి, వెనకున్న పిల్లవాణ్ణి రమ్మంది.

అయ్యా, అమ్మా! పిల్లల ఎదుగుదలకు ఏ టానిక్ మంచిదని నన్ను చాలామంది అడుగుతుంటారు. అనుభవంతో చెబుతున్నాను, ఎంపికను మించిన టానిక్ లేదు. పాలు మానేసినా, మోకాళ్లు వంచినా, సాక్షాత్తూ దేవుడికి మొరపెట్టుకున్నా ఆగదు. మీరు కూర్చుని పార్కు ఎంచుకుంటూ ఉండండి చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎదిగిపోతారు!

మా చిన్నది ఏడవలేదు. కంచె పట్టుకుని రైలు మూడు చుట్లూ తిరిగి ఆగేదాకా చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఇంక వంగక్కర్లేదు కదా నాన్నా?"

అక్కర్లేదమ్మా అన్నాను. అప్పుడది ఒళ్లు విరుచుకుని నిలబడింది. నా నడుము దాటి వచ్చింది.

వెనక మావాడి గొంతు వినిపించింది. ఇక్కడ పెద్దవాళ్ల రైడ్లు తొమ్మిది ఉన్నాయట, ముందు ఏది ఎక్కాలో గ్రూపులో ఓటింగ్ పెట్టాడట, అందరం చూడాలట. మా ఆవిడ అప్పుడే ఫోన్ తీసి రివ్యూలు వెతుకుతోంది. నేను మాత్రం ఫోన్ తియ్యలేదు. చిన్నదాని చెయ్యి పట్టుకుని, ఎదురుగా ఏ రైడ్ కనిపిస్తే దాని క్యూలోకి నడిచాను. అదేమిటో, ఎన్ని స్టార్లదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇందులో గొప్ప చెప్పుకుంటే దేవుడు మెచ్చడు. నిజం చెప్పాలంటే, నా ఫోనులో అప్పటికే చార్జింగ్ అయిపోయింది.